బల్ల మీద గాలి

తిరగేసి అంటించడమేమిటండీ! ఆ మాట ఎవరన్నారు, మీ బొమ్మ సైన్యాల క్లబ్బు సెక్రటరీయా? కింద కారులో కూర్చున్నాయనకి పైన మా బల్ల మీద జెండాలు కనిపించాయా?

ఓహో, ఫోటో చూశాడా. ఫోటో చూసి, "జెండాలన్నీ తప్పుగా ఉన్నాయి, పీకేసి మళ్ళీ అంటించుకుంటాం" అన్నాడు. ఆ సంగతి మీరు నాకు గొంతు తగ్గించి, ఎక్కడ బాధపడతానోనని మెల్లగా చెబుతున్నారు. అన్నయ్యగారూ, మీరు కూడానా?

ముందు ఆ పెట్టె కింద పెట్టండి. కూర్చోండి. అబ్బ, సోఫాలో కాదు! కొత్త చుట్టంలా ఆ అంచున కూర్చుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇటు రండి, బల్ల దగ్గర, మీ కుర్చీలో.

ఇదిగో, ఈ నీలం దళాన్ని చూడండి. బొటనవేలి గోరంత సీసపు మనిషి. వాడి చేతిలో సన్నటి తీగ, తీగకి కాగితం జెండా. జెండా మీద సింహం. ఆ సింహానికి ఎర్రటి నాలుక కూడా పెట్టారు మీ ఫ్రెండు, నాలుగు వెంట్రుకలు మిగిలిన బ్రష్షుతో. ఆ నాలుక ఎవరు చూస్తారండీ అంటే, "సింహం చూసుకుంటుంది" అనేవారు.

మరి జెండా ఎటు ఎగురుతోంది? ముందుకి. శత్రువు వైపుకి. ఎవరి బల్ల మీద చూసినా వెనక్కే ఎగురుతుంది, ఒప్పుకుంటాను. సైన్యం దూసుకుపోతున్నట్టు అందంగా ఉంటుందని అలా పెడతారు. మావారూ మొదట్లో అలాగే అంటించారు. మరి ఎందుకు మార్చారు? మీకు గుర్తులేదూ?

మీరు ఇక్కడే ఉన్నారండీ! ఈ కుర్చీలోనే! ఊరందరికీ కళ్ళద్దాలు అమ్ముతారు, ఎదురుగా జరిగింది మీ కంటికి ఆనలేదా?

ఆ ఆదివారం నేను టీ తెచ్చాను. మీరిద్దరూ టేపు పెట్టి కొలుస్తూ, మీ గుర్రాలు మా ఫిరంగి దాకా వచ్చాయా రాలేదా అని అరుచుకుంటున్నారు. మా ఫిరంగి అంటున్నానా? అప్పట్లో అనేదాన్ని కాదులెండి. ట్రే పెట్టడానికి చోటు లేక నిలబడి చూస్తుంటే నాకో అనుమానం వచ్చింది. ఏమండీ, ఈ పక్క జెండాలు ఈ పక్క వెనక్కి ఎగురుతున్నాయి, ఆ పక్క జెండాలు ఆ పక్క వెనక్కి ఎగురుతున్నాయి, మరి గాలి ఎక్కణ్ణించి వస్తోంది, బల్ల మధ్యలోంచి పుడుతోందా అన్నాను.

మీరు పగలబడి నవ్వారు. "యుద్ధంలో గాలిని ఎవరు పట్టించుకుంటారు చెల్లెమ్మా" అన్నారు. ఆయన నవ్వలేదు. జెండాలకేసి చూస్తూ ఉండిపోయారు. ఆ రోజు ఆట కూడా ఓడిపోయారు, గుర్తు తెచ్చుకోండి. ఆయన ఓడినవి మీకు బాగా గుర్తుంటాయి కదా.

మర్నాటి నుంచి మొదలైంది. తడి బ్రష్షుతో జిగురు నానబెట్టడం, కాగితం చిరక్కుండా తీగ మీదే నెమ్మదిగా తిప్పడం, పెన్సిలుకి చుట్టి మళ్ళీ వంపు తేవడం. ఒకటీ అరా కాదు, సైన్యం మొత్తం! నేను తిట్టాను కూడా. ఏదో నోటికొచ్చింది అన్నాను, దానికింత పనా అని. ఆయన తలెత్తకుండానే అన్నారు కదా, "నువ్వన్నది నిజమే. ఒక బల్ల మీద ఒకటే గాలి ఉండాలి. వాడు మార్చడు, మొండిఘటం. మనమే మార్చుకుందాం."

మనమే అన్నారండీ. అప్పటిదాకా ఆ బల్ల మీద నాది ఒక్క ట్రే మాత్రమే.

మనిషి చెడ్డవారని కాదు. నా మాట మీద ఈ ఇంట్లో పరదాల రంగు మారలేదు, గోడ మీది గడియారం పక్కకి జరగలేదు. నేనన్న ఆ ఒక్క మాటకి మాత్రం సైన్యం మొత్తానికి గాలి మారింది. దాన్ని పట్టుకుని మీ సెక్రటరీ తప్పంటాడా?

సరే, టీ చల్లారిపోతోంది, తాగండి.

ఏమిటా చూపు, గడియారం వైపు? ఒకప్పుడు ఆదివారాలు మీకు ఈ గదిలో గడియారమే కనబడేది కాదు. వదినగారు మీకు ఫోన్ చేసి చేసి, విసిగిపోయి నాకు చేసేవారు. "ఇదిగో వదినా, చెప్పులేసుకుంటున్నారు" అని మీ తరపున నేనెన్ని అబద్ధాలాడానో!

ఆయన పోయాక మీరీ గడప తొక్కడం ఇవాళే. నిష్ఠూరమాడటం లేదు. ఆడమనిషి ఒక్కతే ఉన్న ఇంటికి ఏమని వెళ్తాం అనుకుని ఉంటారు. లేకపోతే ఆ ఎదురు కుర్చీ ఖాళీగా ఉంటే చూడలేకనో. నేను రోజూ చూస్తున్నానండీ. చూసి చూసి, ఒకరోజు నేనే వెళ్ళి అందులో కూర్చున్నాను.

అవును, కూర్చున్నాను. రూల్సు పుస్తకం తీశాను. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మళ్ళీ చదివాను. ఇప్పుడు అడగండి, ఏదైనా అడగండి! జెండా మోసేవాడు పడిపోయాడు, ఏం చెయ్యాలి? పక్కవాడు జెండా అందుకోవాలి, మనం పాచికలు వేసి దళానికి ధైర్యం నిలిచిందో లేదో చూసుకోవాలి. నిలవకపోతే అందరూ పారిపోవాలి. చూశారా, వచ్చు నాకు.

ఎవరితో ఆడానంటారా? ఎవరున్నారండీ! ఎదుటి సైన్యం మీ ఇంట్లో ఉంది కదా, అందుకని కుట్టుపెట్టెలో గుండీలు తీసి అటు పక్క వరసగా పేర్చాను. గుండుసూదులకి ఎర్ర కాగితం అంటించి, కొవ్వొత్తి మైనంతో గుండీల మీద నిలబెట్టాను. మీ జెండాలే. వెనక్కే ఎగురుతాయి, మీకు ఇష్టమైనట్టే.

మీ వంతు వచ్చినప్పుడు లేచి ఇటొచ్చి, ఈ కుర్చీలో కూర్చుని ఆలోచిస్తాను. మీలాగా గొంతు సవరించుకుంటాను కూడా. కానీ ఏం లాభం, నేనేం చేయబోతున్నానో వాళ్ళకి ముందే తెలిసిపోతుంది! ఎత్తు వేసి ఎవర్ని ఏడిపించాలి? గెలిచి ఎవరి మీద అరవాలి?

అందుకే అడుగుతున్నాను. ఒక్క ఆట. మీ సైన్యం తెచ్చుకోండి. వదినగారినీ తీసుకురండి, ఆవిడ అలా కిటికీ దగ్గర పుస్తకం చదువుకుంటారు. వీధి తలుపు బార్లా తీసే ఉంచుతాను, ఎవరేమనుకుంటారన్న బెంగ కూడా వద్దు.

క్లబ్బుకి ఇచ్చేస్తానని ఫోన్లో ఎందుకన్నాననుకున్నారు? ఈ పెట్టెలు నాకు అడ్డమొచ్చాయా? వీటి కోసమైనా మీరొస్తారని అన్నాను. వచ్చి, బల్ల పరిచి ఉండటం చూస్తే కూర్చుంటారని. అంతే. ఒంటరిగా ఉండలేకపోతున్నాను అన్నయ్యగారూ. చెప్పేశాను.

అప్పుడే కప్పు కింద పెట్టేశారేం?

అదిగో, హారన్ కొడుతున్నాడు. లేవండి, పాపం ఎంతసేపని ఎదురుచూస్తాడు. ఇంకో ఆదివారమా? సరే. ఏ ఆదివారమని అడగనులెండి, మిమ్మల్ని ఇరుకున పెట్టడమెందుకు.

అయ్యో, అదేం మాట, ఇస్తానన్నాక ఇవ్వకుండా ఎలా? అన్నీ పట్టుకెళ్ళండి. ఆ చిన్న పెట్టె కూడా, ఫిరంగులు అందులో ఉన్నాయి. జెండాలు పీక్కుంటారో, తిప్పుకుంటారో మీ ఇష్టం. మీ బల్ల, మీ గాలి.

నాకేం, రెండు పక్కలా గుండీలే పెట్టుకుంటాను. కుట్టుపెట్టెలోవి ఒక పక్కకే సరిపోయాయి. రెండో పక్కకి బీరువాలో ఆయన చొక్కాలున్నాయిగా. వాటిని ఇంకెవరు తొడుక్కుంటారు.