తుంటి ఎక్స్‌రే

డాక్టరమ్మ కొత్త ఎక్స్‌రేని వెలుగుకి ఎత్తి చూసింది. ఎదురుగా, బడిలో ఆటలు నేర్పే మాస్టారు కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మా అమ్మాయికి నొప్పి మోకాల్లోనండీ. తుంటికి తీయించారేంటి?"

"మోకాలికేం లేదు మాస్టారూ. తుంటి దగ్గర ఎముక తల పక్కకి జారుతోంది. ఆ నొప్పే మోకాల్లో తెలుస్తోంది."

"రెండు నెలలుగా కుంటుతుంటే, పరుగు ఎగ్గొట్టడానికి వేషాలనుకున్నా."

"ఇవాళే ఆపరేషన్ చేసి స్క్రూ బిగించాలి. ఆ కాలు ఇక నేల మీద మోపకూడదు. మోపితే మొత్తం జారిపోవచ్చు. పాపేదీ?"

ఆయన కుర్చీలోంచి దిగ్గున లేచాడు.

"మెట్ల దగ్గర. కాలు పట్టేయకుండా పదిసార్లు ఎక్కి దిగమన్నాను."

తలుపు అవతల నుంచి ఆయాసపడుతూ ఒక గొంతు వినిపించింది.

"తొమ్మిదైంది నాన్నా! ఇంకొక్కసారే!"