ఫియట్ కుడి తలుపు

భర్త మార్కండేయులు పోయాక ఎల్బీనగర్‌లో తానే నడుపుతున్న కారు సీట్ల దుకాణంలో, కౌసల్య పాత ఫియట్ కుడి తలుపుకు కార్పెట్ అంటించి పక్కకు జరిగింది. కారు ఓనరు మత్తయి వంగి చూశాడు.

“అద్దం దించే హ్యాండిల్‌కు బొక్క మరిచినవు చెల్లె. మార్కండేయులైతే మరిచేటోడు కాదు. అందుకే బండిని దిల్‌సుఖ్‌నగర్ షాపుకు తీస్కపోదామనుకున్న.”

“మరువలేదన్నా. ముందే కోస్తే గుంజి అంటిచ్చేటప్పుడు బొక్క జరుగుతది. జర గీడ వేలుతోని ఒత్తు.”

కార్పెట్ కింద తలుపు రంధ్రంలోకి వేలు దిగింది. ఆమె సరిగ్గా అక్కడే బ్లేడుతో కోసి హ్యాండిల్ బిగించింది. మత్తయి తిప్పితే అద్దం సాఫీగా దిగింది.

“అచ్చం మీ ఆయన చేతి పనే. ఇరవై ఏండ్ల కింద ఎడమ తలుపు ఆయనే చేసిండు. ఇయ్యాల్టికీ అంచు లేవలే.”

“ఆయన సీట్లే కుట్టేటోడన్నా,” అంది కౌసల్య బ్లేడు మడుస్తూ. “గా తలుపు గూడ నేనే చేసిన.”