గడియ

గుండెపోటు తర్వాత ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజే వడ్రంగి తన స్నానాలగది గడియ తనే ఊడదీశాడు. మూడు నెలలకి, మనసు వైద్యం చేసే డాక్టరమ్మ చెప్పిందని, మళ్ళీ తనే బిగించి స్నానానికి వెళ్ళాడు.

"వేశారా?" అంది భార్య బయటినుంచి.

"లోపల పడిపోతే ఈ తలుపు పగలదే. చేసినవాణ్ణి, నాకు తెలీదూ?"

"ఇన్నాళ్ళలో ఒక్కసారన్నా పడ్డారా?"

"నువ్వు కాపలా ఉన్నావు కాబట్టి పడలేదు."

"రోజూ ఇక్కడ నిలబడి నా కాళ్ళు పీక్కుపోతున్నాయండీ. గడియేసుకోమంది, నన్ను అవతలికి పొమ్మంది ఆవిడ."

అతను గడియ వేశాడు. గుండె దడదడలాడింది. ఒక చెంబు పోసుకున్నాడు. దడ తగ్గలేదు గాని, కాళ్ళు నిలబడే ఉన్నాయి.

"ఉన్నావా?"

"లేను. ఎప్పుడో వెళ్ళిపోయాను," అంది తలుపు పక్కనించే.

అతనికి నవ్వొచ్చింది.

"అయితే వెళ్ళి కాసేపు కూర్చోవే," అన్నాడు, రెండో చెంబు ముంచుతూ.