ఫిలిం మీద గీత

ఎవరూ, ఎయిలర్టా? ఆయన పేరు నీకెవరు చెప్పారే, సిన్నోవే తల్లీ? పోయి నలభయ్యేళ్ళయింది. ఆ కొండమీద ఆకాశాన్ని కొలిచే కేంద్రం ఉండేది చూడు, అందులో ఒక్కడే ఉండేవాడు. నేను వారానికి మూడ్రోజులు నేల తుడవడానికి వెళ్ళేదాన్ని. పెళ్ళీ పెటాకులూ లేవు. ఎండుచేప చీల్చుకు తింటూ మిషనులోంచి వచ్చిన ఫిలిం పరీక్షించేవాడు, ఆ జిడ్డంతా బల్లమీద. ఎవరు తుడవాలి? నేనే. సరే, ఏం చెప్తున్నానూ... ఆఁ, ఆ మిషను పావుగంటకోసారి ఆకాశంలోకి రేడియో అల కొట్టేది. అది పైన తగిలి తిరిగొస్తే ఫిలిం మీద వంకర గీత పడేది. ఆకాశంలో పచ్చ వెలుగులు మరీ రేగితే మాత్రం గీత పడదు. "పైన ఎలక్ట్రాన్లు దట్టంగా పేరుకుని మింగేస్తున్నాయమ్మా" అనేవాడు. దాన్నొక్కదాన్నీ మింగితే పోనీ, మన పడవల రేడియో కూడా మింగేసేవి.

అందుకే పడవ నించి మాట ఆగిపోతే ఆడాళ్ళం కొండెక్కేవాళ్ళం. ఆయన తలుపు తీసి "గీత లేదు" అంటే హమ్మయ్య అనుకునేవాళ్ళం. ఆకాశం మూసుకుంది, మనవాళ్ళు బాగానే ఉన్నారు అని.

ఆ జనవరిలో మీ పెదనాన్న ఓద్మున్ పడవ పలకలేదు. ఐదుగురున్నారందులో. మొదటి రోజు గీత లేదు. రెండో రోజూ లేదన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం, మధ్యాహ్నమంటే మన ఉత్తరాన చలికాలం సూర్యుడే రాడు, చీకటేగా, ముసలి మాగ్నిల్ మెట్లమీదే కూలబడి "నాయనా, ఇంకోసారి చూడు, మావాడు చిన్నపిల్లాడు" అంటోంది. "ఇంకా మూసుకునే ఉందమ్మా" అంటున్నాడు. నేను బకెట్టు పట్టుకుని లోపలికెళ్ళాను. ఫిలిం తడిగా వేలాడుతోంది. ఆరేళ్ళుగా ఆ బల్ల తుడుస్తున్నదాన్ని, నాకు తెలీదా? గీతలు. పొద్దుట్నించీ నిక్షేపంలా పడ్డాయి. ఆకాశం తెరుచుకునే ఉంది, పడవే పలకట్లేదు. రిజిస్టరు చూస్తే అందులోనూ "లేదు" అని రాశాడు. వెంట్రుకవాసి తప్పొస్తే పేజీ అంతా తిరగరాసే మనిషే, ఆయన!

వెనక్కి తిరిగితే గుమ్మంలో ఉన్నాడు. "నీకిది చదవడం రాదుగా, బోర్గిల్?" అన్నాడు మెల్లిగా.

"రాదు" అన్నాను.

బయటికొచ్చి మాగ్నిల్‌తో చెప్పాను, నేనూ చూశాను, గీత లేదు, ఇంటికెళ్ళి కాసేపు పడుకో అని. ఆవిడ నా మాట నమ్మి వెళ్ళి పడుకుంది కూడా. నేనేం చేశానూ? లోపలికెళ్ళి బల్ల తుడిచాను. వేసవిలో ఆ పడవ చెక్క ఒకటి ఒడ్డుకొచ్చింది, అంతే.

ఊఁ... ఆ సాక్సులు తడిసినట్టున్నాయే, విప్పి పొయ్యి దగ్గర ఆరెయ్యి.