వ్యానుకి ఎక్కిళ్లు

అది కాదు బావా, నువ్వలా మొహం తిప్పుకుంటే నేనెవరితో చెప్పుకోను? టైరుతోనా? అక్కేమో తలుపు తియ్యదు. కిటికీలోంచి "ఎవరు నువ్వు?" అంటుంది. తోడబుట్టినవాణ్ణి పట్టుకుని ఎవరు నువ్వంటుందా!

నవ్వుతున్నానా? ఏం చెయ్యను, ఆగట్లేదు. పొద్దుట్నుంచీ ఇదే వరస. మెకానిక్ అయితే పానా పడేసి నేలమీద కూలబడి మరీ నవ్వాడు.

ఆ గాలి పైపు కాస్త పక్కన పెట్టు, మొదట్నుంచీ చెప్తాను.

సోమవారం పొద్దున్న ఈ బంకులో నీ చేత్తోనే కదా డీజిల్ కొట్టించుకున్నాను? వ్యాన్లో పదకొండుమంది బడిపిల్లలు. రెండో మలుపు దాటామో లేదో, వ్యాను కప్పలా గెంతడం మొదలుపెట్టింది. గెంతినప్పుడల్లా వెనకాల "మళ్లీ! మళ్లీ!" అని కేకలు. సైలెన్సర్లోంచి తెల్లటి పొగ. నా వెనక సీట్లో ఆ రెండు జడల పిల్ల లేదూ, అది నా భుజం తట్టి, "అంకుల్, వ్యానుకి ఎక్కిళ్లొచ్చాయి, నీళ్లు పట్టండి" అంది. నీళ్లు పట్టాలట! అప్పటికే అది పీకల్దాకా తాగి ఉందని దానికేం తెలుసు, నాకేం తెలుసు!

నడిరోడ్డు మీద ఆగిపోయింది. మెకానిక్ వచ్చి ఫిల్టర్ అడుగున మర తిప్పి గాజు సీసాలో పడితే, పైన డీజిల్, కింద సగానికి పైగా నీళ్లు. ఇంకాస్త నడిపుంటే పంపు పోయేదన్నాడు. అంతే, నాకు పూనకం వచ్చేసింది. సీసా పట్టుకుని తిన్నగా ఇక్కడికొచ్చి, నలుగురి ముందూ "మా బావ నాకు నీళ్లు కొట్టాడు" అని అరిచాను. బంకువాళ్లు అనొచ్చుగా? అనలేదు. మా బావ అనే అన్నాను. సొంతవాళ్లంటే నాకు చనువెక్కువ మరి.

తెలుసు బావా. మీ మేనేజరు, నీళ్లు తగిలితే రంగు మారే పేస్టు కర్రకి పూసి మీ ట్యాంకులో ముంచాడు. మారలేదు. అయితే పైపు దగ్గర నువ్వే ఏదో చేసుంటావని నిన్నీ గాలికొట్టే మూలకి తోశాడు. ఇవాళ సాయంత్రంలోగా సంగతి తేలకపోతే పన్లోంచి పొమ్మన్నాడు. అన్నీ తెలుసు.

తేలింది బావా! అందుకే వచ్చాను.

మెకానిక్ ఎప్పుడో చెప్పాడు నాకు. వారానికోసారి ఫిల్టర్ కింద మర వదులు చెయ్యి, అడుగున చేరిన నీళ్లు కారిపోతాయి, మంచి డీజిల్ కనబడగానే బిగించెయ్ అని. బుద్ధిగా చేశాను. ఒక్క వారం తప్పలేదు. కాకపోతే, ఆ కారిందాన్ని పారబొయ్యడానికి చెయ్యి రాలేదు. డీజిల్ వాసన గుప్పుమంటుంటే ఎలా పారబోస్తాను? డబ్బాలో పట్టి సీటు కింద దాచాను. డబ్బా నిండింది. ఆదివారం మధ్యాహ్నం మొత్తం తీసుకెళ్లి మళ్లీ ట్యాంకులోనే పోశాను!

అదిగో, నువ్వూ నవ్వావు! మీసం కదిలింది, చూశాను.

ఆలోచించు మరి. వారం వారం నేనే దింపాను, బొట్టు పోకుండా నేనే పోగుచేశాను, నేనే మళ్లీ ఎక్కించుకున్నాను. పొద్దున్న బడి దగ్గర దింపిన పిల్లల్ని సాయంత్రం ఎక్కించుకొచ్చినట్టు!

ట్యాంకు దింపి కడిగాం. ఫిల్టర్ మార్చాం. లోపలి గాలి పోయేదాకా చేతిపంపు నొక్కీ నొక్కీ, ఇదిగో, బొటనవేలు చూడు, వంకాయలా లేదూ? ఇవాళ పొద్దున్న స్టార్టయింది.

ఏంటి? డబ్బా సంగతి మెకానిక్ ఎప్పుడు కనిపెట్టాడంటావా? ఇవాళే. సీటు కింద ఖాళీ డబ్బా చూసి అడిగాడు.

నాకా?

నాకు మంగళవారమే తట్టింది బావా. పళ్లు తోముకుంటుంటే తట్టింది. నురగ నోట్లోనే ఉండిపోయింది. ఆవేళా, నిన్నా ఆ గోడ మలుపు దాకా వచ్చాను. నువ్వు వంగి ఎవరిదో సైకిల్ చక్రానికి గాలి కొడుతున్నావు. చూసి వెనక్కి వెళ్లిపోయాను. అరిచినప్పుడు లేని సిగ్గు అప్పుడెక్కణ్ణుంచి వచ్చిందో.

చూడు, ఇప్పుడు నవ్వట్లేదు.

మేనేజరు గదిలోనే ఉన్నాడు కదూ? వెళ్తాను. నువ్వు మాత్రం రాకు బావా. పక్కన నువ్వుంటే మళ్లీ నవ్వించి దాటేస్తాను.