మోకాలి వార్త

హలో… ఆ, నేనేరా తమ్ముడూ. నిద్ర కాదు, కుర్చీలోనే కునుకు పట్టింది. చెప్పు…

ఎంత?… మళ్ళీ చెప్పు.

పద్దెనిమిది వేలా? ఒరేయ్, పొద్దున పదింటికి మన సైట్ మొదలెడితే వచ్చింది అరవై ముగ్గురు కదరా. అందులో సగం చుట్టాలు. మిగతా సగం నేనే, మళ్ళీ మళ్ళీ తెరిచి చూసుకున్నవి…

ఆ, నవ్వాలనే ఉంది. ఓపిక లేదు, అంతే.

చూశావా మరి? మైదానంలో గడ్డి కోసే పెద్దాయన కథ ఎవరిక్కావాలక్కా అన్నావు. సందుకో స్పోర్ట్స్ సైటుంది, అందరూ స్కోర్లే ఇస్తున్నారు, మనం మనుషుల గురించి రాద్దాం అని నేను—

…అది కాదా?

మరి దేన్ని చదువుతున్నారు?… మెల్లగా చెప్పు. ఏ బౌలరు?… మొన్న నేను వాళ్ళింటికి వెళ్ళొచ్చాను, ఆ అబ్బాయా? మోకాలా?

"ఇక బంతి పట్టడు". ఇదా హెడ్డింగు? నేను రాయలేదే.

…

నా పేరు పెట్టావా.

…

అరవట్లేదురా. అరిచే శక్తి ఎక్కడిది నాకు. ఎక్కణ్ణుంచి తెచ్చావది?… అన్ని సైట్లలోనూ ఉందా. మొట్టమొదట రాసినవాడికి ఎవరు చెప్పారట?… తెలీదు. వాణ్ణి చూసి వీడు, వీణ్ణి చూసి నువ్వు. ఎత్తుకొచ్చిన కూరకి మళ్ళీ తాలింపొకటి!

ఆ అబ్బాయి జట్టు ఫిజియోతో నేను మాట్లాడాను, నీకు చెప్పాను కూడా. కాస్త వాపు, మూడు వారాలు విశ్రాంతి అని… అవును, 'మూడు వారాలు' అంటే ఎవడూ నొక్కడు. నిజమే. నొక్కడు.

…తెలుసురా. ఏడాదిగా నువ్వు పడ్డ పాట్లు నాకు తెలీవా? పగలంతా ఆ బీమా ఆఫీసు, సాయంత్రమైతే నా భోజనాల బల్ల మీద ఈ సైటు. పేపర్లో మా ఆటల పేజీ ఎత్తేసిన రోజు, ఏడుస్తూ కూర్చోకక్కా, మనమే ఒకటి పెడదాం అన్నది నువ్వే. నేనేమైనా మర్చిపోయానా?… అందుకని—

ఉండు. ఇంకో కాల్ వస్తోంది… ఆ బౌలర్ వాళ్ళమ్మ. పెట్టెయ్యకు, ఉండు.

—హలో, నమస్తే అమ్మా… ఆ, నేనే… ముందు మీరు ఏడవకండి… లేదు, మీ దగ్గర ఎవరూ ఏమీ దాచలేదు… అబ్బాయి ఫోనెత్తట్లేదా? క్యాంపులో మోకాలికి ఎక్సర్‌సైజులు చేయిస్తుంటారమ్మా, ఈ వేళప్పుడు ఫోను పక్కన పెట్టిస్తారు…

అవునమ్మా. నా పేరే ఉంది.

…

అది నిజం కాదు. మా సైట్లో వచ్చింది, తప్పు మాదే. మీవాడు ఆడతాడు. మూడు వారాలు, అంతే. ఇప్పుడే తీయించేస్తాను… ముందు మీరలా కూర్చోండి, కాసిని మంచినీళ్ళు తాగండి… సాయంత్రం నేనొచ్చి కనబడతాను…

…సరే అమ్మా. వద్దంటే రాను.

—ఆ, ఉన్నావా?

పొద్దుట్నుంచి పక్కింటివాళ్ళు ఆవిడకి ఏవేవో సైట్లు చూపిస్తూనే ఉన్నారట. ఈవిడ కొట్టిపారేస్తూనే ఉందట. ఆఖరికి మనది చూపించారు… "మీ పేరు చూశాక నమ్మేశానమ్మా" అంది.

…

ఇంకేమంటుంది. ఇక మా ఇంటికి రావద్దు అంది. మర్యాదగానే అందిలే.



తీసెయ్… సాయంత్రం దాకా కాదు, ఇప్పుడే. నేను లైన్లోనే ఉంటాను… జనం వస్తున్నారని తెలుసు. వచ్చేవాళ్ళని రానీ.

…

తీశావా? ఆ చోటు ఖాళీగా ఉంచకు. రాసుకో… "ఈ మధ్యాహ్నం మేము వేసిన మోకాలి వార్త అబద్ధం"… పొరపాటు అని కాదురా. పొరపాటంటే తెలీక చేసేది. అబద్ధం అనే రాయి. "ఆ ఆటగాడికీ, వాళ్ళమ్మగారికీ, చదివిన మీకూ క్షమాపణ." కింద నా పేరు పెట్టు… నీ పేరెందుకు? వాళ్ళు నమ్మింది నా పేరు చూసి. నీ పేరెవరికి తెలుసురా?… ఆ, నవ్వు నవ్వు.

పైనే పెట్టావుగా, అందరికీ కనబడేలా?… మంచిది. సైటు పెట్టిన రోజునే అందరికంటే ఎక్కువమంది చదివే ముక్క మన క్షమాపణ. ఇలాంటి ఘనత ఇంకే సైటుకీ ఉండదు.

…

మూసేద్దామా అంటే… ఏమోరా. ఇవాళ అడగకు. రేపు పొద్దున ఏడింటికి పిల్లల లాంగ్ జంప్ ఎంపికలున్నాయి. వెళ్తాను. ఏ సైటువాడూ రాడక్కడికి… చదివేవాళ్ళుంటారో లేదో నాకేం తెలుసు. రాయడం వరకే నాకు తెలిసింది.

…లేదు, నీ మీద కోపం లేదు. అలిసిపోయాను, అంతే. ఇప్పుడు ఆ అబ్బాయికి ఫోన్ చేసి చెప్పుకోవాలి. వాళ్ళమ్మతో మాట్లాడాక అతనితో మాట్లాడాలంటే నోరు రావట్లేదు…

ఏమన్నావు?

నువ్వు చేస్తావా?… నువ్వే?

…

తిడతాడేమోరా. తిడితే… ఆ. సరే. నంబర్ పంపిస్తున్నా. అయిదు దాటాక చెయ్యి, అప్పటికి వదుల్తారు. అక్క చెయ్యమంది, అక్కకి బాగా లేదు, ఇలాంటివి పెట్టుకోకు. హలో అనగానే ముందు నీ పేరు చెప్పు…

అవున్రా. నీ పేరే.

ఉంటాను.