మొదటి బేస్ దగ్గరి తడి

వాన అని ఎవరు రాయమన్నారమ్మా ఈ ఫలకం మీద? "వానకు తడిసిన నేలపై జారిపడటంతో లూషియస్ టాలివర్ బేస్‌బాల్ జీవితం ముగిసింది." చదవడానికి బాగానే ఉంది. అప్పట్లో పత్రికలోనూ అలాగే వచ్చింది, మీ అమ్మగారికీ మేమదే చెప్పాం. నలుగురూ ఒకే మాట అంటే అది నిజమైపోతుందా? ఆ నలుగురికీ చెప్పినవాడు ఒక్కడే కావచ్చు కదా!

సంతకం చేయననడం లేదు, డెలోరిస్ గారూ. కలం అక్కడ ఉంచండి. ఆ రోజు మైదానంలో ఉన్నవాళ్లలో మిగిలింది నేనొక్కణ్ణే, నేను ఔనంటే తప్ప ఇత్తడి పోత పోయరు. తెలుసు. అందుకే ముందు వినండి.

మీరు పుట్టేసరికే మీ నాన్న చేతికి ఊతకర్ర వచ్చేసింది. ఆ వేగం మీకెలా తెలుస్తుంది? సెంటర్ ఫీల్డ్‌లో ఆయనుంటే అటూ ఇటూ ఉన్న ఇద్దరికీ పనుండేది కాదు. ఇక పరుగంటారా, బంతి విసిరే పిచర్ చెయ్యి కదలగానే మొదటి బేస్ వదిలి, ఆ బంతి తిరిగొచ్చేలోపే రెండోదాని మీద కాలు పెట్టేవారు. ఆ వేసవిలో అలా అరవై ఒక్కసార్లు. ఊరివాళ్లు వంద అంటారు; స్కోరు పుస్తకాలు తీసి నేను మూడుసార్లు లెక్కపెట్టాను, అరవై ఒకటే. పెద్ద లీగ్‌లోని పై జట్టు నుంచి కబురొచ్చింది, సోమవారం రైలెక్కి రమ్మని.

నేను మైదానం చూసుకునేవాణ్ణి. మా వృత్తిలో ఒక పని ఉండేది. అందరూ చేసేవారు, ఎవరూ చెప్పుకునేవారు కాదు. ఎదుటి జట్టులో లేడికాళ్లవాడుంటే, మొదటి బేస్ పక్కన పరుగు అందుకునే చోట నీళ్లు పట్టి, పైన పొడిమట్టి చల్లేవాళ్లం. చూపుకి గట్టినేల, కాలు వేస్తే దిగబడుతుంది. ఆ శనివారం ఎదుటి జట్టులో కెల్సో అనే అలాంటివాడు వస్తున్నాడు. మా మేనేజర్ హాబర్ట్ నీళ్లు పట్టమన్నాడు, పట్టాను.

మరి మనవాళ్ల సంగతేమిటంటారా? వాళ్లకు ముందే చెప్పుకునేవాళ్లం, స్టేషన్ ఎదుటి హోటల్లో, పొద్దున పలహారం దగ్గర. ఈ రోజు మొదటి బేస్ నుంచి ఎవడూ ఉరకొద్దని హాబర్ట్ గొంతు తగ్గించి చెప్పాడు. అందరూ విన్నారు, మీ నాన్న తప్ప. ఆ హోటల్లో నల్లవాళ్లను కూర్చోనిచ్చేవారు కాదు కదమ్మా. ఆయన పలహారం రైలుపట్టాల అవతల, ఒక పెద్దావిడ ఇంట్లో.

"టాలివర్‌కి నువ్వు చెప్పెయ్ ఎల్మర్" అన్నాడు హాబర్ట్ నాతో.

మీ నాన్నే నా దగ్గరికొచ్చారు. మునివేళ్లతో మట్టి నొక్కి చూసి, "ఏంటోయ్ ఎల్మర్, ఇక్కడ కేకు గానీ చేస్తున్నావా?" అన్నారు. నోరు తెరిచాను. రెండడుగుల దూరంలో అంపైర్. వింటే నా ఉద్యోగం ఊడుతుంది. "రాత్రి చిన్న జల్లు పడిందిలే, పైతడే" అన్నాను.

"అంతేనా? ఆటకల్లా ఆరిపోతుంది" అన్నారాయన.

అంపైర్ వెళ్లిపోయాడు. ఆటకింకా నలభై నిమిషాలుంది. నేను సున్నం గీతలు వేసుకుంటూ ఉండిపోయాను. ఎందుకంటారా? భయమని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. భయం అంపైర్‌తోనే పోయింది. ఆడిన అబద్ధాన్ని ఒక నల్లవాడి ముందు ఒప్పుకోవడానికి నాకు మనసొప్పలేదు. అదీ అసలు మాట.

మూడో ఇన్నింగ్స్‌లో ఆయన ఉరికారు. నేను చెప్పే ఉంటానని మావాళ్లందరూ అనుకున్నారు. ఎడమ పాదం దిగబడింది, ఒళ్లు ముందుకెళ్లింది, మోకాలు వెళ్లలేదు. ఆ చప్పుడు నా దాకా వినిపించింది.

స్ట్రెచర్ మీద ఉండగా పత్రికవాడు అడిగితే మీ నాన్న ఏమన్నారో తెలుసా? "తప్పు నాదే. జల్లు పడిందని పాపం ఎల్మర్ ముందే చెప్పాడు" అన్నారు. ఆ వాన పుట్టింది నా నోట్లో అమ్మా, బతికింది ఆయన నోట్లో.

అలా చూడకండి. కౌంటీ వర్షపాతం రిజిస్టరు ఇప్పటికీ ఉంది, ఎవరైనా తీసి చూడవచ్చు. ఆ వాక్యం కొట్టేసి, దీన్ని రాయించండి, సంతకం పెడతాను. ఆట జరిగింది 1954 ఆగస్టు 14న. జూలై 29 మొదలు ఆ సాయంత్రం దాకా, ఈ ఊళ్లో ఒక్క చినుకు పడలేదు.